జాలుకొండ బేరం

అనగా అనగా, అనుకోగా అనుకోగా, ఒక కొండ. ఒంటినిండా అడవి కప్పుకున్న కొండ. ఎండాకాలమైనా వానాకాలమైనా దాని పొట్టలోంచి మూడు నీటిబుగ్గలు ఉబుకుతూనే ఉండేవి. ఏ రాయి కింద చెయ్యి పెట్టినా చెమ్మ తగిలేది గనుక దానికి జాలుకొండ అని పేరు వచ్చింది.

ఆ కొండ పాదాన ఆకుపాడు అనే ఊరు. ఆ ఊళ్ళో అందరివీ తమలపాకు తోటలే. తమలపాకు తీగ చంటిబిడ్డ లాంటిది. పూటపూటా నీళ్ళు తాగాలి, చల్లటి నీడలో పాకాలి. కొద్దిరోజులు దాహమైతే చాలు, ముడుచుకుని రాలిపోతుంది. బుగ్గలు పారుతున్నంతకాలం ఆ ఊరికి ఏ లోటూ లేదు. ఆకుపాడు ఆకు నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగిపోతుందని రాజుగారి నగరిలో కూడా చెప్పుకునేవారు.

ఆ ఊళ్ళో అచ్చమ్మ అని ఒకావిడ ఉండేది. మంచి తోట, మంచి చెయ్యి. కానీ ఊరంతా ఆవిణ్ణి అనుమానాల అచ్చమ్మ అనేవారు. బెల్లం కొంటే అచ్చు పగలగొట్టి లోపల చూసేది. నూనె కొంటే అరచేతికి రాసుకుని వాసన పట్టేది. పొరుగావిడ ఊరికే నవ్వినా, "ఏం కావాలమ్మా?" అని అడిగేది.

ఆవిడ మొగుడు సింగన్న దీనికి తలకిందులు. ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. గాడిద ఎగురుతుందంటే ఎటువైపు ఎగురుతుందో అని పైకి చూసే రకం.

"లోకంలో అందరూ చెడ్డవాళ్ళేనటే?" అని అతను అప్పుడప్పుడు విసుక్కునేవాడు.

"చెడ్డవాళ్ళని నేనన్నానా? చూడకుండా మంచివాళ్ళని అనను. అంతే!" అనేది అచ్చమ్మ.

ఆవిడ అనుమానం వెనక ఒక గాయం ఉంది. ఆవిడ పుట్టిన ఊళ్ళో కూడా ఒక బుగ్గ ఉండేది. ఎవడో తియ్యని మాటల మనిషి వచ్చి, బుగ్గను బాగుచేస్తానని చెప్పి, దాని చుట్టూ నేల కొన్నాడు. కొన్నాక గోడ కట్టాడు. గోడకు తలుపు పెట్టాడు. తలుపు దగ్గర నీళ్ళు అమ్మాడు. కొన్నాళ్ళకు ఊరు ఊరే లేచిపోయింది. తల్లి కొంగు పట్టుకుని అచ్చమ్మ ఆ ఊరు వదిలింది. అప్పటినుంచి తియ్యని మాట చెవిన పడితే చాలు, ఆవిడకు గొంతు ఎండేది.

ఇలా ఉండగా ఒకరోజు జాలుకొండకు కష్టకాలం వచ్చింది. ఆ కొండ తిమ్మప్ప నాయకుడు అనే దొరది. ఆయన ముసలివాడైపోయాడు, పిల్లాజెల్లా లేరు. శేషజీవితం కాశీలో గడపాలని ఆయన కోరిక. ఊరివాళ్ళను రచ్చబండ దగ్గరికి పిలిపించి ఇలా చెప్పాడు.

"నాయనలారా, కొండను కాశీకి మోసుకుపోలేను. అమ్మేస్తాను. కానీ దాని నీళ్ళు తాగేది మీరు. మీరు ఎవరికి సరే అంటే వాళ్ళకే ఇస్తాను. వానలు మొదలయ్యేలోగా తేల్చండి."

ఈ మాట ఊళ్ళు దాటింది. కొండను కొనడానికి ఇద్దరు వచ్చారు.

మొదటివాడు పేరప్ప, కలప వర్తకుడు. గంటలు కట్టిన ఎడ్ల బండ్లలో వచ్చాడు. దిగుతూనే పిల్లలందరికీ అటుకులూ బెల్లమూ పంచిపెట్టాడు.

"నాకు దాపరికం లేదు," అన్నాడు నవ్వుతూ. "నాకు చెట్లు కావాలి. కొట్టుకుంటాను, అమ్ముకుంటాను. కొట్టడానికి మీకే కూలి ఇస్తాను. చెట్టు పోతే మళ్ళీ మొలుస్తుంది. బుగ్గలంటారా, అవి కొండ కడుపులోవి. చెట్లతో వాటికేం పని?"

"ఉన్నమాట అన్నాడు! నిక్కచ్చి మనిషి!" అని ఊరు మెచ్చుకుంది. సింగన్న తల ఊపాడు.

రెండో మనిషి ఒక స్త్రీ. పేరు లక్కమాంబ. తల నెరిసింది, చెప్పులు అరిగాయి, భుజాన సద్దిమూట. ఆవిడ ఏమీ పంచలేదు. బుగ్గ దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగి, రచ్చబండ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాది ఊటకాపు సంఘం," అంది. "చాలా ఊళ్ళవాళ్ళం కలిశాం. నేతపనివాళ్ళు, కుమ్మరులు, రైతులు, ఎవరికి చేతనైనంత వాళ్ళు వేసుకున్నాం. బుగ్గలున్న అడవులు కొంటాం. కొని అలాగే ఉంచుతాం. చెట్టు కొట్టం, నేల దున్నం."

ఊరిపెద్ద చింతయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నావమ్మా? కొని ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యం."

"మరి మీకేం కావాలి?"

లక్కమాంబ ఒక్క క్షణం ఆగింది. "మాకేమీ వద్దు," అంది.

ఆ ఒక్క క్షణాన్ని అచ్చమ్మ చూసింది. దాన్ని మనసులో గుర్తుపెట్టుకుంది.

ఇక చూడండి, ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆవును కొని పాలు పితకని వాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఏమీ వద్దన్నవాడే అన్నీ పట్టుకుపోతాడని పెద్దలు ఊరికే అన్నారా?

"కొండ కింద నిక్షేపం ఉంది. దానికోసమే ఈ నాటకం," అన్నారు కొందరు.

"కాదు కాదు, బుగ్గలకు కంచె వేసి తాళం పెడతారు," అన్నారు ఇంకొందరు.

"ఆ సంఘమూ లేదు, గింఘమూ లేదు. ఎవరో పొరుగు రాజు పంపిన మనిషి," అన్నారు మరికొందరు.

పేరప్ప ఈ మూడు మాటలనూ విని, మూడింటికీ నవ్వుతూ ఉప్పూ కారమూ చేర్చాడు.

అచ్చమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఎప్పుడూ అనుమానించే మనిషి నోరు మెదపకపోతే ఊరికి ఇంకా అనుమానం వచ్చింది.

ఒకరోజు లక్కమాంబ పొద్దున్నే చేతిలో చిన్న గునపం పట్టుకుని కొండెక్కడం అచ్చమ్మ తన తోటలోంచి చూసింది. చేతిలో పని వదిలేసి వెంటబడింది. చెట్టు చాటునా పొదల చాటునా నక్కుతూ పైకి పోయింది. పెద్దబుగ్గకు ఎగువన లక్కమాంబ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతోంది. తవ్వి ఏదో తీసింది. వాసన చూసింది. గుడ్డలో మూటకట్టింది.

అచ్చమ్మ పొదలోంచి ఒక్క ఉరుకున బయటికి వచ్చింది.

"దొరికావు! తియ్యి, ఏముంది ఆ మూటలో?"

లక్కమాంబ ఉలిక్కిపడింది. తర్వాత మారు మాట్లాడకుండా మూట విప్పింది. అందులో నల్లటి మన్ను, కుళ్ళిన ఆకులు, ఒక వానపాము.

"ఇది మన్ను," అంది అచ్చమ్మ.

"అవునమ్మా, మన్నే."

"మన్నును ఎవరైనా మూటకడతారా?"

లక్కమాంబ ఆ మన్నును గుప్పిట్లో పట్టి పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీటిచుక్కలు జారాయి.

"ఈమధ్య వాన పడిందా?" అని అడిగింది.

"సంక్రాంతి ముందెప్పుడో పడింది."

"మరి ఈ తడి ఎక్కడిది? ఏళ్ళ తరబడి రాలిన ఆకు ఇలా మన్నయి, వాననీటిని పట్టి దాచుకుంటుంది. దాచుకున్నది కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. దాన్నే మీరు బుగ్గ అంటున్నారు. ఈ మన్ను ఎంత మందాన ఉందో చూద్దామని తవ్వుతున్నాను."

అచ్చమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది.

"తవ్వింది నువ్వు. నేను రాకముందు నువ్వే ఇక్కడ నీళ్ళు పోసి ఉండొచ్చు. ఇటివ్వు ఆ గునపం!"

గునపం లాక్కుని, తనకు తోచినవైపు నడిచి, తనకు తోచిన చెట్టు కింద తవ్వింది. అదే నల్లమన్ను. పిండితే అదే తడి. ఇంకోచోట తవ్వింది. అక్కడా అంతే. చెమటలు కారుతుండగా గునపం తిరిగి ఇచ్చేసింది.

"నిక్షేపం లేదని తెలిసింది. నీ మనసులో ఏముందో తెలియలేదు," అంది.

లక్కమాంబకు కోపం రాలేదు. "మేము ఇదివరకు కొన్న కొండ ఒకటి ఉంది, పాలకోన దగ్గర. వెళ్ళి చూసి రా."

"చూడమంటున్నావంటే, చూసేవాళ్ళ కోసం అక్కడ అంతా సర్ది ఉంచావేమో!"

"అయితే నువ్వు వస్తున్నావని ఎవరికీ చెప్పను. ఎప్పుడు పోతావో నాకూ చెప్పకు."

ఆ మాట అచ్చమ్మకు నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే అనుమానం వేసింది.

కిందికి దిగి, నేరుగా పేరప్ప విడిదికి వెళ్ళింది. "అయ్యా, మీరు ఇదివరకు కొట్టిన కొండ ఏది? ఒకసారి చూసి వస్తాను," అంది.

పేరప్ప పగలబడి నవ్వాడు. "కొట్టిన కొండలో చూడ్డానికి ఏముంటుందమ్మా! దూరాభారం, ఎండలు మండిపోతున్నాయి. హాయిగా ఇంట్లో ఉండి తోట చూసుకో." గుప్పెడు బెల్లం ఆవిడ కొంగులో వేయబోయాడు. అచ్చమ్మ కొంగు వెనక్కి తీసుకుంది.

పేరప్ప బండి తోలే మనిషిని అడిగితే, ఆ కొండ కాకిమిట్ట అనే ఊరి మీద ఉందని అతను చెప్పాడు.

ఆవిడ ఇంటికి పోయి సద్ది కట్టుకుంది. "నేను ఊరు పోయి వస్తాను. తీగలకు నీళ్ళు పెట్టు. నేను వచ్చేదాకా ఎవరేం చెప్పినా తల ఊపకు," అంది సింగన్నతో. సింగన్న అలవాటుగా తల ఊపాడు.

ముందు కాకిమిట్టకు నడిచింది. ఊరు దగ్గరపడుతుండగానే కొండ కనబడింది. గొరిగిన తలలా ఉంది. వానలు కోసేసిన ఎర్రటి చారలు పైనుంచి కిందిదాకా ఉన్నాయి. ఊరి బయట ఒకావిడ ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో నీళ్ళు తోడుతోంది. చిప్ప సగం నిండడానికి చాలాసేపు పడుతోంది.

"అక్కా, మీ ఊళ్ళో బుగ్గ ఉండేదటగా?" అని పలకరించింది అచ్చమ్మ.

ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది. "ఉండేది. అడవి కొట్టిన మొదటి ఏడు చేతినిండా కూలి, పండగంటే పండగ. రెండో ఏడు వానకు కొండ మీది మన్నంతా పొలాల్లోకి దిగింది. మూడో ఏడు బుగ్గ చుక్క చుక్కగా పారి, వేసవికి ఆగిపోయింది."

"వానలు తక్కువై ఎండిందేమో?"

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. "మేమూ అదే అనుకున్నాం. అదిగో, ఆ పక్క కొండకూ అదే వాన. దాన్ని ఎవరూ కొట్టలేదు. పోయి చూడు, ఇంకా పారుతోంది. మా కడవలు ఇప్పుడు అక్కడికే పోతాయి. పోతే ఆ కొండ కింది ఊరివాళ్ళు రాళ్ళు రువ్వుతారు."

అచ్చమ్మ ఆ మాటను కూడా ఊరికే నమ్మలేదు. ఎండలో పక్క కొండదాకా నడిచి, అక్కడి బుగ్గలో చెయ్యి ముంచి చూసింది. నీళ్ళు చల్లగా తగిలాయి. తను పుట్టిన ఊరు గుర్తొచ్చి, కాసేపు ఆ చెయ్యి నీళ్ళలోంచి తియ్యలేకపోయింది. ఇంతలో పైనుంచి ఎవరో కేకలు వేస్తే లేచి వచ్చేసింది.

అక్కణ్ణుంచి పాలకోనకు పోయింది. అక్కడి కొండ పచ్చగా ఉంది. కానీ దారికి అడ్డంగా ముళ్ళకంచె! కంచెకు చిన్న సందు. సందు దగ్గర కర్ర పట్టుకుని ఒక మనిషి!

 'అదీ సంగతి! కంచె, కాపలా! ఇక తలుపూ తాళమూ లోపల ఉంటాయి,' అనుకుంది అచ్చమ్మ.

"ఆగమ్మా," అన్నాడు ఆ మనిషి. "నడుముకున్న కొడవలి ఇక్కడ పెట్టి లోపలికి వెళ్ళు."

"నీళ్ళు తాగడానికి ఎంత ఇవ్వాలి?" అని అడిగింది అచ్చమ్మ పళ్ళు బిగించి.

ఆ మనిషి తెల్లబోయాడు. "నీళ్ళకు ఇవ్వడమేమిటి? కావలసినన్ని తాగు. కొడవలీ గొడ్డలీ మాత్రం లోపలికి పోకూడదు. కంచె మేకలు రాకుండా వేశారు."

లోపల బుగ్గ గలగలా పారుతోంది. తలుపు లేదు, తాళం లేదు. పక్కనే ఒకావిడ రాలిన పుల్లలు ఏరుకుంటూ, కనబడిన మనిషికల్లా వినబడేటట్టు గొణుగుతోంది.

"ఏమమ్మా, ఈ సంఘంవాళ్ళు మంచివాళ్ళేనా?" అంది అచ్చమ్మ.

"మంచో చెడో! పచ్చికొమ్మ తాకనివ్వరు. మేకలను రానివ్వరు. పొయ్యిలోకి పుల్లల కోసం నడుం పడిపోతోంది. మొదటి ఏడు మేమే కోపంతో కంచె పీకేశాం. ఇప్పటికీ పొయ్యి వెలిగించినప్పుడల్లా తిడుతూనే ఉంటాం."

"మరి నీళ్ళో?"

"నీళ్ళా?" ఆవిడ ఆలోచించింది. అసలు ఆ ప్రశ్న ఎవరూ అడగనట్టు చూసింది. "నీళ్ళ గురించి తలుచుకోవడమే మానేశాం తల్లీ. ఉంటాయి గదా!"

అచ్చమ్మ ఆ మాటను కొంగున ముడివేసుకున్నట్టు మనసులో దాచుకుని ఊరికి తిరిగివచ్చింది.

వచ్చేసరికి రచ్చబండ దగ్గర ఊరంతా చేరి ఉంది. నాయకుడూ ఉన్నాడు, పేరప్పా ఉన్నాడు, ఒక మూల లక్కమాంబా నిలబడి ఉంది. పేరప్ప అప్పటికే అందరికీ కొత్త తలగుడ్డలు పంచాడు. సింగన్న తలకూ ఒకటి ఉంది. భార్యను చూడగానే దాన్ని విప్పి చంకలో పెట్టుకున్నాడు.

అచ్చమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. కాకిమిట్ట చెలమ గురించి చెప్పింది. పాలకోన బుగ్గ గురించి చెప్పింది. కంచె సంగతి దాచలేదు, పుల్లల కష్టం దాచలేదు, మేకల సంగతీ దాచలేదు.

అంతా విని పేరప్ప మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"బాగుందమ్మా కథ! బెల్లాన్ని కూడా నమ్మని మనిషివి, ఇవాళ ఊరూపేరూ లేని సంఘాన్ని వెనకేసుకొస్తున్నావు. నిజం చెప్పు, వాళ్ళ దగ్గర నీకేం ముట్టింది?"

రచ్చబండ దగ్గర గుసగుస లేచింది. అవును గదా? తోట వదిలి అన్నాళ్ళు ఎక్కడికి పోయినట్టు? కొండమీద ఆ ముసలావిడతో ఏం మాట్లాడినట్టు? నిన్నటిదాకా ఆవిడ అనుమానాలకు నవ్వినవాళ్ళు ఇప్పుడు ఆవిణ్ణే అనుమానంగా చూశారు. ఎన్నో ఏళ్ళుగా ఇరుగుపొరుగున బతికిన కళ్ళు అవి.  తన చూపు ఎదుటివాళ్ళకు ఎలా గుచ్చుకుంటుందో అచ్చమ్మకు మొదటిసారి తెలిసింది.

అప్పుడు సింగన్న లేచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటకూ అడ్డుచెప్పని సింగన్న!

"పేరప్పగారూ," అన్నాడు. "నేను తీగలకు నీళ్ళు పెట్టానంటే పాదులో వేలుపెట్టి చూసేది నా భార్య. కట్టుకున్న మొగుణ్ణే నమ్మని మనిషి, ఎవరో ఏదో చెబితే ఊరికే నమ్ముతుందా?"

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులో అచ్చమ్మకు మళ్ళీ గొంతు వచ్చింది.

"పేరప్పగారు సరిగ్గానే అడిగారు," అంది. "నన్ను నమ్మకండి. నమ్మమని నేనూ అడగను. చింతయ్య పెదనాయనా, మీరు వెళ్ళండి. ఇంకో ఇద్దరిని వెంట తీసుకోండి. కాకిమిట్ట చూడండి, పాలకోన చూడండి. మీ చేతులు మీరే నీళ్ళలో ముంచి చూడండి. వచ్చాక తేలుద్దాం."

చింతయ్య గడ్డం నిమిరాడు. "మాట బాగానే ఉంది. పేరప్పగారూ, మీరేమంటారు?"

పేరప్ప మొహంలో నవ్వు సన్నబడింది. "నాకు అంత తీరిక లేదు. ఇవాళే తేల్చాలి. రేపటికి ఈ బేరం ఉండదు. ఊరివాళ్ళకు ఇస్తానన్న కూలీ ఉండదు."

"నీ మాటేమిటమ్మా?" అని చింతయ్య లక్కమాంబను అడిగాడు.

"వెళ్ళి చూసి రండి. ఒకసారి చాలకపోతే రెండుసార్లు వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను," అంది లక్కమాంబ.

ఊరు ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.  ఒక్కొక్కరే కొత్త తలగుడ్డలు విప్పి రచ్చబండ మీద పెట్టారు.

బేరం తేలిపోయిందని అందరూ అనుకున్నారు. అచ్చమ్మ మాత్రం లక్కమాంబ ముందుకు వచ్చి నిలబడింది.

"నీతో ఇంకా తేలలేదు. ఆరోజు నీకేం కావాలని అడిగితే, ఆగి, ఏమీ వద్దన్నావు. అది అబద్ధం. ఏమీ అక్కర్లేని మనిషి అరిగిన చెప్పులతో ఇంత దూరం నడిచిరాదు. నీకేం కావాలో ఈ ఊరి ముందు చెప్పు."

లక్కమాంబ తల వంచుకుంది. 

"నిజమే, అబద్ధం చెప్పాను. మీ బుగ్గల నీరు కిందికి పోయి వాగవుతుంది. ఆ వాగు మా ఏట్లో కలుస్తుంది. ఎండాకాలం మా ఏట్లో పారేవి ఈ కొండ నీళ్ళే. ఇవి ఆగితే నూలు తడిపే నీళ్ళు లేక మా మగ్గాలు ఆగుతాయి, మా పిల్లలు ఇసుక తవ్వాలి. ఆ మాట చెబితే మీరు మా గొంతు మీద కాలుపెట్టి నీళ్ళకు వెల అడుగుతారేమో అని భయపడ్డాను. మీరు నన్ను అనుమానించారు. మీకంటే ముందు నేను మిమ్మల్ని అనుమానించాను."

అచ్చమ్మ ముఖం చాలారోజుల తర్వాత విప్పారింది.

"ఈ మాట మొదటిరోజే చెబితే నా కాళ్ళు ఇన్ని బొబ్బలెక్కేవి కావు గదమ్మా! మాకు కావలసిందే నీకూ కావాలి. ఇప్పుడు నమ్ముతాను."

చింతయ్యా మరో ఇద్దరూ వెళ్ళారు, చూశారు, తిరిగివచ్చారు. అచ్చమ్మ చెప్పిన దాంట్లో వెంట్రుకవాసి తేడా లేదన్నారు. వాళ్ళు తిరిగివచ్చేలోపే పేరప్ప బండ్లు గంటలు మోగించుకుంటూ ఇంకో కొండను వెతుక్కుంటూ పోయాయి.

నాయకుడి సమక్షంలో పెద్దబుగ్గ దగ్గర బేరం కుదిరింది. లక్కమాంబ దోసిట్లో నీళ్ళు పట్టి ప్రమాణం చేసింది. చెట్టు కొట్టబోమని, గోడ కట్టబోమని, నీళ్ళు అమ్మబోమని, ఈ కొండను ఇంకెవరికీ అమ్మబోమని.

"తప్పితే?" అంది అచ్చమ్మ.

"తప్పినరోజు కొండ మీ ఊరిది," అంది లక్కమాంబ. తర్వాత ఆవిడే అడిగింది. "మరి మీరు తప్పితే?"

ఊరు గతుక్కుమంది. ఆ మాట ఎవరూ అనుకోలేదు. కాసేపు చర్చించుకుని, బుగ్గలకు ఎగువన గొడ్డలి పట్టబోమని, మేకలను తోలబోమని వాళ్ళూ ప్రమాణం చేశారు. రాలిన పుల్లలు మాత్రం ఊరివేనని, దిగువ వాలులో మేకలు మేస్తాయని అచ్చమ్మ వాదించి వాదించి సాధించింది. నాయకుడు నిశ్చింతగా కాశీకి బయలుదేరాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడూ అంతే. చుట్టుపక్కల చెరువులు బీటలు వారాయి. జాలుకొండ బుగ్గలు కూడా సన్నబడ్డాయి, మణికట్టంత ధార చిటికెనవేలంత అయింది. కానీ తెగలేదు. ఆకుపాడువాళ్ళు సగం తీగలు వదులుకుని సగం తీగలు బతికించుకున్నారు. వాగు సన్నగానే అయినా కింది ఏటిదాకా పోయింది. కాకిమిట్టవాళ్ళు బండ్ల మీద కడవలు వేసుకుని అంతదూరం నుంచి వస్తే, ఎవరూ రాళ్ళు రువ్వకుండా అచ్చమ్మ స్వయంగా బుగ్గ దగ్గర కూర్చుని అందరికీ వంతులు వేసింది.

ఆ ఎండల్లోనే లక్కమాంబ మళ్ళీ వచ్చింది. బాగా ముసలిదైపోయింది. అచ్చమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కొండెక్కించింది.

"నెలనెలా కొండెక్కి చెట్లన్నీ చూసి పోతున్నావటగా?" అంది లక్కమాంబ ఆయాసపడుతూ. "ఇంకా నన్ను నమ్మలేదా అచ్చమ్మా?"

"నమ్మాను తల్లీ. నమ్మాం గదా అని చూడ్డం మానేస్తేనే మోసం మొలకెత్తేది."

లక్కమాంబ నవ్వింది. "నా తర్వాత వచ్చేవాళ్ళను కూడా ఇలాగే చూడు."

"చూస్తాను. మా ఊరివాళ్ళను ఇంకా గట్టిగా చూస్తాను," అంది అచ్చమ్మ.

ఇద్దరూ బుగ్గ ఒడ్డున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పుకున్నారు. వాళ్ళు కొండ మీద, కథ మీ చెవిలో, ఇక నీతి మీ మనసులో.

అనుమానం వస్తే నోటికి పని చెప్పకు, కాళ్ళకు పని చెప్పు. వెళ్ళి చూడమన్నవాణ్ణి చూసి నమ్ము, చూడనివ్వక తొందరపెట్టేవాణ్ణి నమ్మకు.